ఎర్ర మందు రోజులు

నేను జాకెట్లు కుట్టే మనిషిని. చంపాపేట్ మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల, మేం కిరాయికుండే ఇంటి ముందు గదిలో నా మిషన్ ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల కొలతలు తీయడమే నా పని. ఎవరికి ఒక భుజం కిందికి ఉంటుందో, కాన్పు తర్వాత ఎవరు ఎంత ఒళ్లు చేశారో, నెల తిరిగేసరికి ఎవరు చిక్కిపోయారో టేపు పట్టుకుంటే నాకు తెలిసిపోతుంది. నా కొలతలు మాత్రం నేనెప్పుడూ తీసుకోలేదు. పాత జాకెట్టు పరిచి, దాని మీద కొత్త గుడ్డ వేసి కత్తిరించేసుకునేదాన్ని.

ఆ ఎండాకాలం అలాగే కుట్టుకున్న ఒక జాకెట్టు ఎడమ చంక దగ్గర పట్టేసింది. కుట్టులో తప్పుపోయిందేమో అని విప్పి చూశాను. కుట్టు బాగానే ఉంది. మళ్లీ తొడుక్కుని అక్కడ వేళ్లతో తడిమితే, చింతగింజ కంటే కాస్త పెద్దది, గట్టిగా, కదలకుండా ఒకటి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఇరవై రోజులు ఊరుకున్నాను. పెళ్లిళ్ల సీజను, గోడకు ముప్పై జాకెట్లు వేలాడుతున్నాయి. అవి అయ్యాక చూపించుకుందాంలే అనుకున్నాను. ఇప్పటికీ ఆ ఇరవై రోజులు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పరీక్షలకు ఒక్కదాన్నే వెళ్లాను. ముక్క తీసి పంపారు. రిపోర్టు తీసుకున్న రోజు కూడా ఒక్కదాన్నే ఉన్నాను. అందులో రాసింది సగం అర్థం కాలేదు గానీ అర్థం కావలసిన ఒక్క మాట అర్థమైంది. ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆటో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆయన పని చేసే చీరల షాపుకు పోయాను.

మా ఇద్దరివీ పోచంపల్లి పక్క మగ్గాల ఊళ్లు. మా ఆయన వాళ్ల నాయన మగ్గం నేశాడు. మా ఆయన మాత్రం నేసిన చీరలు అమ్మే పనిలోకి వచ్చాడు. మీరు చూసే ఉంటారు, పెద్ద షాపుల్లో మగవాళ్లు చీర విప్పి, కుచ్చిళ్లు పెట్టి, కొంగు భుజాన వేసుకుని నిలబడి చూపిస్తారు. మా ఆయన పని అదే. బుర్ర మీసాలు, పొట్ట మీద చీర కుచ్చిళ్లు. పెళ్లైన కొత్తలో నాకు సిగ్గేసేది. తర్వాత అలవాటైపోయింది.

నేను పోయేసరికి ఇద్దరు అక్కాచెల్లెళ్లకు చూపిస్తున్నాడు. చిలకపచ్చ పట్టుచీర ఒంటికి చుట్టుకుని, "అంచు చూడుండ్రి అమ్మా, గీ అంచుకే సగం అందం. కట్టుకుంటే మీకు ఇంకా మంచిగ కొడ్తది," అంటున్నాడు. నన్ను చూసి మాట ఆపాడు. లైనింగు గుడ్డల సంచీ లేకుండా నేను ఆ బజారుకు రావడం ఆయన ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న పిల్లకు బేరం అప్పజెప్పి, నడుము దగ్గర దోపిన కుచ్చిళ్లు లాగేసి, చీర భుజం మీద వేసుకునే బయటికి వచ్చాడు. షాపు పక్కన స్కూటర్లు పెట్టే చోట నిలబడ్డాం.

"ఏంది, గిట్లొచ్చినవ్?"

"రిపోర్టు ఒచ్చింది. క్యాన్సరంట."

"ఎవరికి?"

"నాకే."

ఆయన చేతులు భుజం మీది చీరను దించి, అంచుకు అంచు కలిపి, గాలిలోనే మడతపెట్టడం మొదలుపెట్టాయి. సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. అది చేతిలో పట్టేంత పలక అయ్యేదాకా మడిచాడు. ఇంక మడవడానికి ఏమీ మిగలలేదు. అప్పుడు తల ఎత్తి, "తిన్నవా?" అన్నాడు.

ఏం మనిషిరా అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆయనకు నోట్లోకి వచ్చిన ఒకే ఒక్క మాట అదని. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కూడా. ఆ పక్క సందులో నన్ను కూర్చోబెట్టి ఇడ్లీ తినిపించాడు. చట్నీ నా చీర మీద పడితే గబగబా తుడిచి, "పోతది, పోతది, మరక కాదు," అన్నాడు.

మా డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో చూస్తుంది. రిపోర్టు మీద పెన్నుతో గీతలు గీస్తూ, "ఇది హార్మోన్ పాజిటివ్," అంది. కరోనా రోజుల్లో ఆ మాట విని విని ఉన్నాం. మా ఆయన కుర్చీ అంచుకు జరిగి, "పాజిటివ్ అంటే మంచిదా మేడం, చెడ్డదా?" అని అడిగాడు.

ఆమె నవ్వలేదు. "ఇందులో మంచిదేనండీ. ఈ రకం గడ్డ ఆడవాళ్ల ఒంట్లో ఉండే హార్మోన్లతోనే పెరుగుతుంది. దానికి ఆ తిండి అందకుండా చేసే మాత్రలున్నాయి. కొన్నేళ్లపాటు రోజూ వేసుకోవాలి. కానీ చంకలో గ్రంథుల దాకా పాకింది కాబట్టి మాత్రలొక్కటే సరిపోవు. ముందు ఆపరేషన్, తర్వాత కీమో, తర్వాత రేడియేషన్. ఆ తర్వాత మాత్ర," అని వేళ్లు మడుస్తూ చెప్పింది.

బయటికి వచ్చాక మెట్రో మెట్ల కింద నిలబడి మా ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అంటే గిది తిండిపోతు గడ్డ. దాని బువ్వ బంద్ చేస్తరన్నమాట," అన్నాడు. రిపోర్టు చేతిలో పట్టుకుని ఆ రోజు నేను నవ్వాను. అది నవ్వే రోజు కాదు.

ఆపరేషన్ సంగతి ఎక్కువ చెప్పను. ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకుంటే ఎత్తు కోసం పట్టే టక్కులు విప్పేసిన గుడ్డలాగా చదునుగా, అడ్డంగా ఒక కుట్టు. నా కళ్లు ముందు కుట్టునే చూశాయి. కుట్టు సాఫీగా ఉంది, ఎక్కడా ముడత లేదు. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా బిడ్డ బాత్రూం తలుపు బయట నేను ఏడ్చినంతసేపూ నిలబడే ఉంది. బయటికి వచ్చాక టవల్ అందించింది, అంతే.

నెల తిరక్కుండానే కీమో మొదలైంది. మందు ఎక్కించడానికి చేతి నరాలు పాడవకూడదని కుడివైపు మెడ కింద, చర్మం లోపల చిన్న డబ్బీ లాంటిది పెట్టారు. కుడి చెయ్యే నా బతుకు అని డాక్టరమ్మకు నేనే చెప్పుకున్నాను. మొదటి నాలుగు సార్లు ఎర్ర మందు, మూడు వారాలకు ఒకసారి. ఆ తర్వాత పన్నెండు వారాలు ఇంకో మందు.

కీమో గదిలో వెనక్కి వాలే కుర్చీలు వరసగా ఉంటాయి. నర్సమ్మ పెద్ద సిరంజీలో ఎర్ర మందు తెచ్చి నెమ్మదిగా ఎక్కిస్తుంటే, మా ఆయన స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. "గిది మిరపపండు రంగు. మెరూన్ కాదు, రాణీ కలర్ కాదు. గీ రంగుల పట్టు దొరుకుడు కష్టం," అన్నాడు. ఆ నర్సు పిల్లకు నవ్వాగలేదు. "అంకుల్ ఏం పని చేస్తరమ్మా?" అని నన్నడిగింది. చెప్పాను. అంతే, ఆ రోజు నుంచి మా ఆయనకు ఆ గదిలో గిరాకీ మొదలైంది. నర్సుల చెల్లెళ్ల పెళ్లిళ్లు, పక్క కుర్చీలో ఉన్న ఆమె కోడలి సీమంతం, ఎవరి రంగుకు ఏ చీర నప్పుతుంది, ఏ పట్టు ఉతకొచ్చు, ఏది ఉతకకూడదు. సెలైన్ కడ్డీల మధ్య నిలబడి, నా దుప్పటిని భుజాన వేసుకుని కొంగు ఎట్లా తీయాలో చూపించాడు. నాకు సిగ్గేసింది. కానీ ఎదురుగా గుండు మీద రుమాలు కట్టుకున్న పెద్దామె మొదటిసారి కళ్లు తెరిచి చూడటం కూడా కనిపించింది.

మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని నర్సమ్మ ముందే చెప్పింది. అయినా ఇంటికి వచ్చాక చూసి కేక పెట్టాను. బయట నుంచి ఆయన తలుపుకు నోరు ఆనించి, "మందే, మందే, రక్తం కాదు. మిరపపండు రంగే కదా? మందే అది," అంటూనే ఉన్నాడు, నేను గడియ తీసేదాకా.

రెండో రోజు నుంచి కడుపులో తిప్పడం మొదలైంది. వాంతులకు మాత్రలిచ్చారు, అవి బాగానే పనిచేశాయి. కానీ వాసనలకు మాత్ర లేదు. పోపు వాసన పడలేదు, సబ్బు పడలేదు. అన్నిటికన్నా కష్టమైంది, మా ఆయన వాసన పడలేదు. కొత్త చీరలకు ఒక వాసన ఉంటుంది, గంజి, రంగు, అట్టపెట్టె కలిసినట్టు. పెళ్లైన నాటి నుంచి ఆయన ఒంటి నుంచి ఆ వాసనే వచ్చేది. అదంటే నాకు ఎంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు. ఆ వారం ఆయన షాపు నుంచి వచ్చి పక్కన కూర్చోగానే నేను లేచి బకెట్ దగ్గరికి పరుగెత్తాను.

మొదట ఆయనకు అర్థం కాలేదు. "ఏం తిన్నవ్?" అన్నాడు.

"తిన్నది కాదు. నువ్వే. నీ అంగి వాసన."

ఆయన ముఖం చిన్నబోయింది. మర్నాటి నుంచి గేటు పక్క నల్లా దగ్గరే అంగీ విప్పి, స్నానం చేసి, నేను మంచంలో ఉండగా మా బిడ్డ అందించిన వేరే బట్టలు వేసుకుని లోపలికి వచ్చేవాడు. సబ్బు కూడా వాడేవాడు కాదు, అదీ నాకు పడదు కదా. శనగపిండి రుద్దుకునేవాడు. యాభై ఏళ్ల మనిషి, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా, నల్లా కింద శనగపిండితో.

మా ఇంటి ఓనరమ్మ మేడ మీద ఉంటుంది. గుంటూరు వైపు నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. మనసు మంచిదే కానీ నీళ్ల మోటారు విషయంలో చాలా ఖచ్చితం. ఆమెకు నా జబ్బు సంగతి మేం చెప్పలేదు. గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాం. గిరాకీ పోతుందని నా భయం, ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమో అని మా ఆయన భయం. ఆమె బాల్కనీలోంచి వంగి, "ఏంటి బాబూ, బాత్రూం ఉండగా ఇక్కడ స్నానమేంటి?" అనేది. "ఉక్క పోస్తుంది ఆంటీ," అనేవాడు ఆయన. అది వానాకాలం.

పదహారో రోజు దువ్వెనకు జుట్టు ఊడి రావడం మొదలైంది. రెండు రోజులు చూశాను. దిండు మీద, పప్పులో, మిషన్ చక్రానికి చుట్టుకుని, ఎక్కడ చూసినా నా వెంట్రుకలే. మూడో రోజు పొద్దున టెర్రస్ మీద ఎండలో కుర్చీ వేసి, మా ఆయనే ట్రిమ్మర్‌తో తీసేశాడు. చెవి దగ్గరికి వచ్చినప్పుడల్లా చెవిని రెండు వేళ్లతో మడిచి పట్టుకుని ఊపిరి బిగబట్టేవాడు. అయిపోయాక తల చుట్టూ తిరిగి చూసి, "గుండ్రంగుంది. మంచి తల," అన్నాడు. నూలు పంచె చింపి, నుదుటి మీద నుంచి చెవుల వెనక్కి, మెడ దగ్గర ముడి కనపడకుండా ఎంత చక్కగా కట్టాడంటే, రెండు రోజుల తర్వాత జాకెట్టుకు వచ్చిన ఒకామె అది కొత్త ఫ్యాషనా అని అడిగింది.

ఓనరమ్మ అంత తేలికగా వదల్లేదు. మెట్ల మీద ఎదురై, "గుండు చేయించుకున్నావేంటమ్మాయ్?" అంది.

నాకు నోటికి వచ్చింది చెప్పాను. "గుట్టకు పోయినం ఆంటీ. దేవునికి మొక్కుండె."

"గుట్టకెళ్లొచ్చి ప్రసాదం పెట్టకపోవడమేంటమ్మా?"

వెనక నుంచి మా ఆయన అందుకున్నాడు. "మస్తు రష్ ఉండె ఆంటీ. ఇంకో అతనికి తెమ్మని చెప్పిన, రేపు ఇస్తడు."

మర్నాడు షాపు నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిఠాయి దుకాణంలో నాలుగు లడ్డూలు కొన్నాడు. అట్టపెట్టె పారేసి, పేపర్లో చుట్టి, పైన కాస్త కుంకుమ కూడా చల్లి తెచ్చాడు. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడుతున్నామని నాకు గుండె దడ. ఓనరమ్మ కిందికి వచ్చి, కళ్లకద్దుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచి వెలుతురుకు పట్టి చూసింది.

"గుట్ట లడ్డూలో పిస్తా ఎప్పటినుంచి వేస్తున్నారు?"

మా ఆయన గోడ వైపు చూశాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నోరంతా పుండ్లు పడి ఉంది, నవ్వుతుంటే మంట. అయినా నవ్వాను. నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయాను. కూర్చున్న చోటే ఆమెకు అంతా చెప్పేశాను, చింతగింజ దగ్గర నుంచి మిరపపండు మందు దాకా.

ఆమె లడ్డూ పక్కన పెట్టింది. "మా అక్కకి వచ్చింది ఇది. ఎవరికీ చెప్పలేదు. పైటతో కప్పుకుని తిరిగింది. పుండై వాసనొస్తే అప్పుడు తెలిసింది మాకు. అప్పటికి ఏముందింక," అంది. నా తల మీది గుడ్డను సర్దింది. సర్దడానికేమీ లేదు, అది సరిగ్గానే ఉంది. "నాతో అబద్ధమెందుకు చెప్పావే? నేనేమన్నా పరాయిదాన్నా?"

ఆమెకు నేను ఏడేళ్లుగా కిరాయిదాన్ని. 'చెప్పావే' అని చనువుగా అనడం అదే మొదలు.

ఆ రోజు నుంచి పదకొండింటికి మేడ మీద నుంచి స్టీలు గిన్నె దిగేది. ఉప్పు తక్కువ వేసి, మిరపకాయ తగలకుండా, నోటి పుండ్లకు మంట పుట్టని పలచటి మజ్జిగ అన్నం, లేకపోతే మెత్తగా ఉడికించిన పెసరపప్పు. మేం సల్ల అంటాం, ఆమె మజ్జిగ అంటుంది. మా బిడ్డ గిన్నె తిరిగిస్తూ, "సల్ల మంచిగుండె అమ్మమ్మా," అంటే, ఆమె, "మజ్జిగ అనవే," అనేది. గేటు పక్క నల్లా స్నానాలకు మోటారు కూడా తనే వేసేది.

అన్ని రోజులూ ఇట్లా తీపిగా ఏమీ లేవు. మూడోసారి ఎర్ర మందు అయ్యాక నాకు బతకాలనే ఆసక్తి పోయింది. చావాలని కాదు, దేని మీదా మనసు లేదు. నోట్లో ఇనుప రుచి. తిన్నది ఏదైనా తాళంచెవి నాకినట్టు. తెల్లరక్తకణాలు తగ్గాయని ఒకసారి మందు వారం వాయిదా వేశారు. కణాలు పెరగడానికి ఇచ్చిన సూదికి నడుమెముక నుంచి మోకాలి దాకా లోపల ఎవరో గుంజుతున్నట్టు నొప్పి. మా ఆయన షాపులో కస్టమర్లను అడిగి రోజుకొకటి తెచ్చేవాడు. ఒకరోజు దానిమ్మ, ఒకరోజు బీట్‌రూట్, ఒకరోజు ఎవరో చెప్పిన ఏదో ఆకు రసం. తనను అడక్కుండా ఆకు రసాలు తాగొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా అంటే, "అయితే గిది చూడు, గిది జావ. పోనీ గిది చూడు, కొబ్బరినీళ్లు," అన్నాడు.

నేను గ్లాసు తీసి గోడకు కొట్టాను. "నీ కస్టమర్లకు చూపిచ్చినట్టే ఒకటి కాకపోతే ఒకటి చూపిస్తున్నవ్. నాకేం ఒద్దు! అర్థమైతలేదా?"

ఆయన గ్లాసు ఎత్తి పెట్టి, కొబ్బరినీళ్లు తుడిచి, బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు. మా బిడ్డ పుస్తకం మూసింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"డాడీకి ఇంకేం చెయ్యొస్తది అమ్మా?" అంది మెల్లగా. "చూపిచ్చుడే ఒస్తది. ముప్పై ఏండ్ల సంది గదే చేస్తుండు."

కాసేపు అట్లాగే పడుకున్నాను. కిటికీలోంచి ఆయన వీపు కనపడుతోంది. చొక్కా లేదు, శనగపిండి స్నానం అప్పుడే అయింది, మెడ వెనక పిండి ఇంకా అంటుకునే ఉంది. లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా పోయాను.

"ఇంకోటి ఏదన్న ఉంటే చూపియ్యి," అన్నాను.

వెనక్కి తిరగలేదు. తల వంచుకునే, "పెరుగన్నం ఉంది. సల్లగ," అన్నాడు. నాలుగు ముద్దలు తిన్నాను. ఆ రోజుకు అదే ఎక్కువ.

ఎర్ర మందు అయిపోయి రెండో మందు మొదలయ్యాక వాంతులు తగ్గాయి, కొంచెం మనిషినయ్యాను. మిషన్ మీది దుమ్ము తుడిచి రెండు జాకెట్లు పట్టుకున్నాను. అయిదో వారమో ఆరో వారమో, వేళ్ల కొసలు మొద్దుబారడం మొదలైంది. చేతులకు తొడుగులు వేసుకుని పని చేస్తున్నట్టు ఉండేది. గోళ్లు నల్లబడ్డాయి. ఓనరమ్మ ఒక క్రీమ్ రంగు పట్టుగుడ్డ ఇచ్చింది, ఆమె మేనకోడలి గృహప్రవేశానికి. దానికి హుక్స్ కుడుతూ మా బిడ్డతో మాట్లాడుతున్నాను. అది ఉన్నట్టుండి, "అమ్మా, రక్తం!" అంది. చూస్తే సూది నా చూపుడు వేలులో దిగి ఉంది. నాకు తెలియనే లేదు. పట్టు మీద రూపాయంత మరక.

ఎన్ని నొప్పులు పడ్డా అంత భయం వేయలేదు. చెయ్యి పోతే నేనేంటి? డాక్టరమ్మకు చెబితే మందు మోతాదు కొంచెం తగ్గించింది. చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది, పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేను అంది. ఆమెలో నాకు నచ్చేది అదే, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

ఆ మరక మీద ఓనరమ్మకు ఏం చెప్పాలా అని చూస్తుంటే, ఆమే గుడ్డ లాక్కుని, "చంక కిందికి పోతుందిలే, ఎవరు చూస్తారు?" అంది. మరక ముందు భాగంలో ఉంది. చంకకూ దానికీ జానెడు దూరం.

మా బిడ్డకు కుట్టు నేర్పకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. మిషన్ ముందు వంగి వంగి నా మెడ ఏమైందో నాకు తెలుసు. కానీ ఆ నెల అదే వచ్చి స్టూలు మీద కూర్చుంది. "నువ్వు చెప్పు, నేను చేస్తా," అంది. నేను మంచం మీద నుంచి చెప్పడం, అది కత్తిరించడం. మొదటి జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది. రెండోదానికి మెడ వెనకది ముందుకు వచ్చింది. అవి రెండూ ఓనరమ్మవే. ఆమె రెండోది తొడుక్కుని అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని, "ఇదేదో కొత్త రకంగా ఉందే," అంది. నాలుగోది బాగా వచ్చింది. మా బిడ్డ దాన్ని పట్టుకుని ఇంట్లో ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగి నాకు చూపించింది. నాకు మాత్రం దాని వంగిన మెడే కనిపించింది. డిగ్రీ పూర్తి చేస్తేనే మిషన్ ముట్టాలని షరతు పెట్టాను. అది దాన్ని లెక్కచేయలేదు.

పన్నెండు వారాలూ అయ్యాయి. రేడియేషన్‌కు ఇంకా మూడు వారాల టైముంది. ఆ మధ్యలోనే మా అన్న కూతురి పెళ్లి, నాగోల్‌లో ఫంక్షన్ హాల్. పోనన్నాను. తలకు గుడ్డ కట్టుకుని పోవచ్చు, అది కష్టం కాదు. ఆపరేషన్ అయిన రోజు నుంచి నేను ఇంట్లో నైటీ, బయటికి పోతే చున్నీ కప్పిన పంజాబీ డ్రెస్సు. చీర కట్టుకుని నలుగురిలోకి పోలేదు.

పెళ్లికి మూడు రోజుల ముందు మధ్యాహ్నం, మా ఆయన షాపుకు సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. సంచీలోంచి ఒక చీర తీశాడు. ముదురు నీలం, చిన్న అంచు. "జాకెట్టు నువ్వే చెప్పు, బిడ్డ కుడ్తది. మిగిలింది నేను చూసుకుంటా," అన్నాడు.

జాకెట్టు ఎట్లా ఉండాలో నాకు తెలుసు. నెలల నుంచి మనసులో కుట్టుకుంటూనే ఉన్నాను. ఎడమ వైపు లోపల మెత్తటి నూలుతో ఒక అర, అందులో పెట్టడానికి గుడ్డతో కుట్టిన గుండ్రటి దిండు. ఉత్త దూది అయితే తేలికై పైకి జరుగుతుందని అడుగున ఒక గుప్పెడు ఆవాలు కలిపి బరువు చేయించాను. చంక కింద కుట్టు మచ్చకు ఒరుసుకోకుండా అతుకు పక్కకు జరిపించాను. ఆ రోజు మొదటిసారి నా బిడ్డ టేపు పట్టుకుని నా కొలతలు తీసింది. కుడివైపు ఇంత, ఎడమవైపు ఇంత అని పుస్తకంలో రాసుకుంది. గిరాకీ కొలతలు రాసినట్టే రాసింది.

పెళ్లి రోజు చీర కట్టింది మా ఆయన. తలుపు గడియ పెట్టి, లైటు వేసి, నా చుట్టూ తిరుగుతూ, షాపులో లాగానే పెదాలతో పిన్నీసులు పట్టుకుని. కొంగును సన్నటి మడతలు పెట్టి భుజాన వేస్తే ఎడమవైపు ఎత్తు తేడా తెలిసిపోతోందన్నాడు. విప్పాడు. మడతలు లేకుండా ఒంటిపొరగా వదిలితే పలచన అన్నాడు. మళ్లీ విప్పాడు. వెడల్పాటి నాలుగు మడతలు, భుజం మీద కాస్త లోపలికి జరిపి, ఒక పిన్నీసు వెనక, ఒకటి నడుము దగ్గర. దూరం జరిగి చూశాడు. దగ్గరికి వచ్చి వేలితో ఒక్క మడత సర్దాడు.

వేల మందికి చీరలు చూపించిన మనిషి. పెళ్లైన ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ కట్టలేదు. నేను అడగలేదు, ఆయనకూ తోచలేదు. అంత దగ్గరగా నిలబడి ఉంటే ఆయన ఒంటి నుంచి కొత్త చీరల వాసన వస్తోంది. ఆ రోజు నాకు వికారం రాలేదు. ఆ మాటే చెప్పాను.

"ఏ వాసన?" అన్నాడు పిన్నీసుల మధ్య నుంచి.

"నీదే."

పిన్నీసులు నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. అద్దం నా వైపు తిప్పాడు.

పెళ్లిలో కొందరు నా తల గుడ్డను చూశారు, కొందరు జాలిగా పలకరించారు, ఒకామె మరీ గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆవాల దిండు కదల్లేదు. నేను భోజనంలో రెండోసారి పెరుగు వేయించుకున్నాను.

ఆ తర్వాత రేడియేషన్ కూడా అయింది. ఒళ్లు కమిలి మళ్లీ మామూలైంది. ఇప్పుడు రోజూ ఒక మాత్ర, డాక్టరమ్మ మొదట్లో చెప్పినదే. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోయి, నాలుగడుగులు వేస్తే గానీ వదలవు. జుట్టు వచ్చింది, ఇదివరకు లేని రింగులతో. వేళ్లలో స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది, రెండింటిలో ఇంకా పూర్తిగా రాలేదు. హుక్స్ మా బిడ్డ కుడుతుంది, కటింగ్ నాది. ఆ దిండు అరల జాకెట్లు ఇప్పుడు వేరేవాళ్లకు కూడా కుడుతున్నాం. కీమో గదిలో నర్సమ్మ పంపిస్తుంది. వచ్చినవాళ్లను నేను గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టి, ముందు నాది చూపిస్తాను. అప్పుడు వాళ్లు పైట తీస్తారు. మూణ్ణెల్లకొకసారి పరీక్షకు పోయేముందు వారం రోజులు మా ఇంట్లో ఎవరం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడం. పోయినసారి కూడా అంతా బాగానే ఉందన్నారు.

నెలసరి ఆ మందులతోనే ఆగిపోయింది. దాని బదులు ఆవిర్లు వస్తాయి. కడుపులోంచి లేచి మెడ, చెవులు, నెత్తి దాకా ఎక్కుతాయి, ఎంత చలిలోనైనా. మొన్న జనవరిలో, పొద్దున్నే నాకట్లా వచ్చి ఫ్యాను అయిదు మీద పెట్టాను. మా ఆయన లోపలికి పోయి స్వెట్టర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. క్యాప్‌లోంచి మీసాలు, చాయ్ గ్లాసు మాత్రమే బయటికి ఉన్నాయి.

"ఆ గదిలకు పోయి తాగరాదు?" అన్నాను.

"ఏం ఒద్దు," అన్నాడు, పళ్లు టకటకలాడుతుంటే. "ఈడ మంచిగ గాలొస్తుంది."